అరసవల్లి సూర్యుడికి రెండు తేదీలు, కాలిక్యులేటర్‌కు ఒకటే

శ్రీకాకుళాన్ని ఆనుకుని ఉన్న అరసవల్లి సూర్యదేవాలయంలో మార్చి 9, 10 తేదీల ప్రాంతంలో ఒకసారి, అక్టోబరు 1, 2 తేదీల ప్రాంతంలో మరోసారి తెల్లవారుజామునే జనం బారులు తీరతారు. ఉదయించిన సూర్యుడి కిరణాలు అనివెట్టి మండపం గుండా గర్భాలయంలోకి వెళ్లి మూలవిరాట్టు పాదాలను తాకే రోజులవి. మబ్బు పట్టిందంటే అందరూ ఉసూరుమంటూ ఇంటిదారి పట్టాల్సిందే. రథసప్తమి తిథిని బట్టి వచ్చే పండుగ కాబట్టి ఏటా జనవరి, ఫిబ్రవరి నెలల్లో ముందుకూ వెనక్కూ జరుగుతుంది. కిరణాల తేదీలు అలా జరగవు. వాటికి చంద్రుడితో పని లేదు, సూర్యుడొక్కడు చాలు.

నేను ఈ ఊళ్లో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. విలోమ త్రికోణమితీయ ప్రమేయాల పాఠం వచ్చినప్పుడల్లా అరసవల్లిని తరగతి గదిలోకి తీసుకొస్తాను. ఒకసారి ఒక కుర్రాడికి సూత్రం ఇచ్చి, కిరణాలు పడే రోజు ఎప్పుడో నువ్వే తేల్చమన్నాను. కాలిక్యులేటర్ మీద కాసేపు కుస్తీ పట్టి తలెత్తాడు.

"మాస్టారూ, మార్చి 10 వచ్చింది. మరి అక్టోబరు ఏమైపోయింది?"

ఈ పాఠంలో ఇంతకంటే మంచి ప్రశ్న నేను వినలేదు. విలువలు కట్టేటప్పుడు జరిగే పొరపాట్లు, అవకలనంలో, అంటే మార్పు వేగాన్ని కట్టే లెక్కలో, గుర్తు తారుమారయ్యే పొరపాట్లు, రెండూ ఆ మాయమైన అక్టోబరు దగ్గరే పుడతాయి.

ముందు సూత్రం సంగతి. సూర్యుడు భూమధ్యరేఖకు ఎన్ని డిగ్రీలు ఉత్తరంగానో దక్షిణంగానో ఉన్నాడో చెప్పే కొలతను మన జ్యోతిశ్శాస్త్రంలో క్రాంతి అంటారు. ఏడాది పొడవునా అది సుమారు 23.45 డిగ్రీల ఉత్తరం నుంచి అంతే దక్షిణం వరకు ఊగుతుంది. ఆ ఊగే తీరు దాదాపుగా సైన్ వక్రమే. మార్చి 22ను సున్నాగా పెట్టుకుని, 365 రోజులను 360 డిగ్రీలుగా పంచితే ఆ రోజుకు ఒక కోణం వస్తుంది. దాన్ని క అందాం.

క్రాంతి = 23.45 × సైన్ క

భూమి కక్ష్య దీర్ఘవృత్తం కాబట్టి నిజమైన క్రాంతికి, ఈ సూత్రం ఇచ్చేదానికి దాదాపు ఒక డిగ్రీ వరకు తేడా రావచ్చు. పంచాంగం రాయడానికి ఇది చాలదు గానీ మన పాఠానికి చాలు.

కిరణాలు పడేది సూర్యుడు భూమధ్యరేఖకు 4.7 డిగ్రీలు దక్షిణంగా ఉన్నప్పుడు అనుకుందాం, ఆ రోజు కావాలి. అంటే సైన్ క విలువ −4.7/23.45, సుమారు −0.2. ఇక ప్రశ్న తిరగబడింది. కోణం ఇచ్చి సైన్ అడగడం లేదు, సైన్ ఇచ్చి కోణం అడుగుతున్నాం. సైన్⁻¹ మీట నొక్కితే −11.56 డిగ్రీలు వస్తుంది. రోజుల్లోకి మారిస్తే మార్చి 22కు 12 రోజుల ముందు, అంటే మార్చి 10. మా కుర్రాడి జవాబు ఇదే, తప్పేమీ లేదు.

కానీ సైన్ విలువ −0.2 అయ్యే కోణం ఇదొక్కటే కాదు. 180 నుంచి −11.56ను తీసేస్తే వచ్చే 191.56 డిగ్రీలకూ సైన్ −0.2 అవుతుంది. దాన్ని రోజుల్లోకి మార్చండి. మార్చి 22 తర్వాత 194 రోజులు. నెలలు లెక్కపెట్టుకుంటూ పోతే అక్టోబరు 2 దగ్గర ఆగుతాం. సూర్యుడు దక్షిణం నుంచి పైకి వస్తూ ఒకసారి, ఉత్తరం నుంచి కిందికి దిగుతూ మరోసారి అదే క్రాంతిని దాటుతాడు. ఆకాశంలో రెండూ నిజమే. యంత్రం ఒకటే చెప్పింది.

యంత్రం ఎందుకు ఒకటే చెప్పిందంటే, దాన్ని అలా కట్టింది మనమే కాబట్టి. ప్రమేయం అన్నాక ఒక ప్రశ్నకు ఒకే జవాబు ఇవ్వాలి. సైన్ మాత్రం ఆవర్తన ప్రమేయం, ఒకే విలువను అనంతమైన కోణాల దగ్గర తీసుకుంటుంది. దాన్ని ఉన్నపళంగా తిరగేస్తే ఒక సంఖ్యకు లెక్కలేనన్ని కోణాలు వచ్చి పడతాయి. అందుకే సైన్ వక్రం మొత్తాన్ని వదిలేసి, −90 నుంచి 90 డిగ్రీల వరకు ఉన్న ఒక్క ముక్కను మాత్రం కత్తిరించి పెట్టుకున్నారు. ఆ ముక్కలో సైన్ −1 నుంచి 1 వరకు ఎక్కడా వెనుదిరగకుండా ఎక్కుతుంది, ప్రతి విలువనూ ఒక్కసారే తాకుతుంది. దాన్ని తిరగేస్తే వచ్చేదే సైన్⁻¹. దాని ప్రదేశం, అంటే అది తీసుకునే సంఖ్యలు, −1 నుంచి 1. వ్యాప్తి, అంటే అది ఇచ్చే జవాబులు, −90 నుంచి 90 డిగ్రీలు. ఆ వ్యాప్తిలో దొరికే జవాబుకే ప్రధాన విలువ అని పేరు. మార్చి 10కి వచ్చిన −11.56 ఆ ముక్కలో ఉంది. అక్టోబరు 2కు కావలసిన 191.56 బయట పడిపోయింది. దాన్ని వెతికి తెచ్చుకోవడం మన పని.

చాలామంది పిల్లలు ప్రధాన విలువను ప్రకృతి నియమంలా బట్టీ పడతారు. అది నియమం కాదు, ఒప్పందం. 90 నుంచి 270 వరకు ఉన్న ముక్కను ఎంచుకుని ఉంటే కాలిక్యులేటర్ అక్టోబరును చెప్పి మార్చిని మింగేసేది.

రాత గురించి కూడా ఒక మాట. సైన్ పక్కన పైన రాసే ఆ −1 ఘాతం కాదు. సైన్⁻¹ అంటే సైన్‌తో ఒకటిని భాగించడం కాదు, ప్రమేయాన్ని తిరగేయడం. 1813లో జాన్ హెర్షెల్ ప్రవేశపెట్టిన ఈ గుర్తు రెండు వందల ఏళ్లుగా పిల్లల మార్కులు తింటూనే ఉంది. దీనికి ఆర్క్ సైన్ అన్న మరో పేరు నాకు ఎక్కువ ఇష్టం. ఆర్క్ అంటే చాపం. మన పాత గణితవేత్తలు సైన్‌ను జ్యా అన్నారు, అంటే వింటినారి. వింటిబద్ద చాపం. 499 నాటి ఆర్యభటీయంలో 24 జ్యాలను రాబట్టే తేడాల పట్టిక ఉంది. ఆ జ్యా తెలిసినప్పుడు చాపం ఎంతో కనుక్కోవడం జ్యోతిష్కులకు రోజువారీ పని. నారి పొడవు నుంచి బద్ద పొడవు రాబట్టడమే సైన్⁻¹. జ్యా, చాపం అని రెండు మాటలు చెబితే మా తరగతిలో ఘాతం గొడవ సగం తగ్గిపోతుంది.

కాస్‌కు వేరే ముక్క కావాలి. −90 నుంచి 90 వరకు అది ఎక్కి దిగుతుంది కాబట్టి పనికిరాదు. 0 నుంచి 180 వరకు మాత్రం ఆగకుండా దిగుతుంది. కాస్⁻¹ వ్యాప్తి అందుకే 0 నుంచి 180. దీనికీ అరసవల్లి సూర్యుడే ఉదాహరణ. ఉదయించే దిక్కును ఉత్తరం నుంచి కొలిస్తే, ఆ కోణపు కాస్ విలువ క్రాంతి సైన్‌ను అక్షాంశం కాస్‌తో భాగించినంత. శ్రీకాకుళం అక్షాంశం సుమారు 18.3 డిగ్రీలు. −0.082ను 0.949తో భాగిస్తే −0.086. దాని కాస్⁻¹ సుమారు 95 డిగ్రీలు. అంటే ఆ రోజుల్లో సూర్యుడు సరిగ్గా తూర్పున కాకుండా అయిదు డిగ్రీలు దక్షిణానికి ఒరిగి పొడుస్తాడు. రుణ సంఖ్య ఇస్తే సైన్⁻¹ రుణ కోణాన్ని ఇస్తుంది, కాస్⁻¹ అధిక కోణాన్ని ఇస్తుంది. ఈ తేడా ఒక్కటి గుర్తుంటే విలువలు కట్టే లెక్కల్లో సగం తప్పులు పోతాయి. అస్తమించే దిక్కు కూడా అదే కాస్ విలువకు వచ్చే మరో జవాబు. 360 నుంచి 95 తీసేసి 265 అని మనమే చెప్పుకోవాలి.

ఇప్పుడు పరీక్షల్లో తరచూ కనిపించే రకం చూద్దాం. సైన్⁻¹(సైన్ 150°) ఎంత? తిరగేసినదాన్ని మళ్లీ తిరగేశాం కదా, 150 అని రాసేస్తారు. 150 వ్యాప్తిలో లేదు. సైన్ 150 అంటే సగం, సగానికి సైన్⁻¹ 30. జవాబు 30 డిగ్రీలు. వెళ్లింది 150 నుంచే అయినా తిరిగి వచ్చేటప్పుడు బండి 30 దగ్గరే ఆగుతుంది, దానికి తెలిసిన స్టేషన్ అదే. అదే లెక్కను డిగ్రీ గుర్తు లేకుండా సైన్⁻¹(సైన్ 3) అని ఇస్తే ఆ 3 రేడియన్లని గ్రహించాలి. 90 డిగ్రీలంటే 1.5708 రేడియన్లు, కాబట్టి 3 గీత దాటింది. జవాబు 3.1416 − 3, అంటే 0.1416. దీనికి ఎదురు దిశలో మాత్రం చిక్కే లేదు. సైన్(సైన్⁻¹ 0.3) ఎప్పుడూ 0.3 అవుతుంది.

టాన్⁻¹కు ఏ సంఖ్య ఇచ్చినా కాదనదు. వ్యాప్తి −90కీ 90కీ మధ్య, ఆ చివర్లు మాత్రం అందవు. దాని ఉచ్చు కూడికలో ఉంది. టాన్⁻¹ 2, టాన్⁻¹ 3 కూడాలంటే సూత్రంలో (2+3)ను (1−6)తో భాగించమంటారు. వచ్చేది −1, దాని టాన్⁻¹ −45 డిగ్రీలు. రెండు ధన కోణాలు కూడితే రుణ కోణం ఎలా వస్తుంది? ఒకటి 63.43, రెండోది 71.57, మొత్తం 135. సూత్రం ఇచ్చినదానికి 180 కలపాలి. రెండు సంఖ్యలూ ధనమై, లబ్ధం ఒకటిని దాటితే ఈ 180 తప్పదు. పైగా టాన్⁻¹ 1 విలువ 45ను కూడా చేరిస్తే సరిగ్గా 180 వస్తుంది. 1, 2, 3లతో ఇంత చక్కని ఫలితం ఉందని చెప్పినప్పుడు వెనక బల్లలవాళ్లు కూడా తలెత్తుతారు.

ఇక అవకలనం. ఇక్కడి నుంచి కోణాలన్నీ రేడియన్లలో అనుకోవాలి.

శ్రీకాకుళం నుంచి విజయనగరం వెళ్లే బస్సు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే నిమిషానికి ఒక కిలోమీటరు. తిప్పి అడిగితే కిలోమీటరుకు ఒక నిమిషం. వేగం సగానికి పడితే నిమిషానికి అర కిలోమీటరు, అంటే కిలోమీటరుకు రెండు నిమిషాలు. ఒకదాన్ని తలకిందులు చేస్తే మరొకటి. విలోమ ప్రమేయపు అవకలజం, అంటే అది మారే వేగం, ఇంతకంటే ఏమీ కాదు. రైల్వే గేటు దగ్గర బస్సు ఆగిపోతే నిమిషానికి సున్నా కిలోమీటర్లు. మరి కిలోమీటరుకు ఎన్ని నిమిషాలు? చెప్పలేం. ఈ గేటును గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

క = సైన్⁻¹ స అనుకుందాం. అంటే సైన్ క = స. కోణం కొద్దిగా కదిలితే సైన్ ఎంత వేగంతో మారుతుందో చెప్పేది కాస్ క. కాబట్టి సంఖ్య కదిలితే కోణం మారే వేగం 1/కాస్ క. జవాబు స లో కావాలి కనుక ఒక లంబకోణ త్రిభుజం గీయండి. కర్ణం 1, కోణానికి ఎదుటి భుజం స. పైథాగరస్ ప్రకారం ఆసన్న భుజం √(1−స²), కాస్ క అంటే అదే. కాబట్టి

సైన్⁻¹ స అవకలజం = 1/√(1−స²)

ఇక్కడే ఆగి ఒక్క ప్రశ్న అడగాలి. పుస్తకాలు దీన్ని ఒక వాక్యంలో దాటేస్తాయి, అది నాకు నచ్చదు. వర్గమూలానికి ధన గుర్తే ఎందుకు పెట్టాం? కాస్ క వర్గం 1−స² అన్నంత మాత్రాన కాస్ క ధనమని ఎవరు చెప్పారు? మనం ఎంచుకున్న ముక్కే చెప్పింది. −90 నుంచి 90 వరకు కాస్ ఎప్పుడూ రుణం కాదు. ఒప్పందం మారి 90 నుంచి 270 ముక్క తీసుకుని ఉంటే అవకలజం ముందు రుణ గుర్తు వచ్చేది. ప్రధాన విలువను ఎంచుకున్న రోజే అవకలజం గుర్తునూ ఎంచుకున్నామన్న మాట.

దీన్ని సూర్యుడి మీద పెట్టి చూద్దాం. క్రాంతి ఒక డిగ్రీ మారడానికి ఎన్ని రోజులు పడుతుంది? 365ను 6.2832తోనూ 23.45తోనూ భాగిస్తే 2.48 వస్తుంది. కాబట్టి డిగ్రీకి పట్టే రోజులు 2.48/√(1−స²). ఇక్కడ స అంటే క్రాంతిని 23.45తో భాగించినది. స = −0.2 దగ్గర ఇది 2.53. మార్చిలో ధన గుర్తు, ఎందుకంటే రోజులు గడిచేకొద్దీ క్రాంతి పెరుగుతోంది. అక్టోబరులో అదే 2.53, గుర్తు రుణం. 191.56 డిగ్రీల కాస్ రుణ సంఖ్యే కదా. ఆకాశంలో అది సూర్యుడు దక్షిణానికి దిగిపోవడం.

కిరణాల దర్శనం రెండు మూడు రోజులకే ఎందుకు ముగుస్తుందో కూడా ఇదే చెబుతుంది. డిగ్రీకి రెండున్నర రోజులంటే రోజుకు 0.4 డిగ్రీలు. సూర్యబింబం వెడల్పు అర డిగ్రీ. పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తుకు దగ్గరి రోజుల్లో సూర్యుడు రోజుకు దాదాపు తన వెడల్పంత పక్కకు జరుగుతాడు. ఇరుకైన దారిలోంచి వచ్చే వెలుగుకు అంతకంటే ఎక్కువ రోజులు అవకాశం ఉండదు.

స విలువను 1 వైపు జరుపుతూ పోండి. 0.9 దగ్గర డిగ్రీకి 5.7 రోజులు. 0.99 దగ్గర 17.6 రోజులు. సరిగ్గా 1 దగ్గర హారం సున్నా. రైల్వే గేటు పడింది. జూన్, డిసెంబరు అయనాంతాల్లో సూర్యుడు ఉత్తరానికీ దక్షిణానికీ కదలకుండా కాసేపు ఆగినట్టుంటాడు. సైన్⁻¹కు ప్రదేశం చివర్లలో అవకలజం లేకపోవడమంటే ఇదే, అక్కడ రేఖాచిత్రపు స్పర్శరేఖ నిలువుగా లేచి నిలబడుతుంది. అందుకే ఈ ప్రమేయం విలువ −1, 1 దగ్గర ఉన్నా, అవకలజం మాత్రం ఆ రెండింటి నడుమనే ఉంది. ఇందులో మరో హెచ్చరిక కూడా ఉంది. చివర్ల దగ్గర క్రాంతిని కొలవడంలో చిన్న పొరపాటు దొర్లితే తేదీలో వారాల తేడా వస్తుంది. మార్చిలో అదే పొరపాటు ఒకటి రెండు రోజులతో పోతుంది.

కాస్⁻¹కు వేరే కష్టం అక్కర్లేదు. సైన్⁻¹, కాస్⁻¹ రెండూ కలిపితే ఎప్పుడూ 90 డిగ్రీలు. మొత్తం మారదు కాబట్టి ఒకటి ఎంత పెరిగితే రెండోది అంత తగ్గుతుంది. అవకలజం అదే, ముందు రుణ గుర్తు.

టాన్⁻¹కు త్రిభుజం కొద్దిగా మారుతుంది. ఆసన్న భుజం 1, ఎదుటి భుజం స, కర్ణం √(1+స²). టాన్ అవకలజం సెకంట్ (1/కాస్) వర్గం, అంటే ఇక్కడ 1+స². తలకిందులు చేస్తే 1/(1+స²). ఇందులో వర్గమూలం లేదు, గుర్తు గొడవ లేదు, హారం ఎన్నటికీ సున్నా కాదు. ఈ భిన్నాన్నే 1 − స² + స⁴ − ... అని విడదీసి సమాకలనం చేస్తే, అంటే అవకలనాన్ని వెనక్కి తిప్పితే, టాన్⁻¹ శ్రేణి వస్తుంది. 14వ శతాబ్దపు కేరళ గణితవేత్త మాధవుడి పేరుతో చెప్పుకునే శ్రేణి అది.

ఉద్దానంలో కొబ్బరి చెట్టు ముందు నిలబడ్డారనుకోండి. 2018 నాటి తిత్లీ తుపానుకు కూలకుండా మిగిలిన పాత చెట్టు, మీ కంటి ఎత్తుకు పైన 15 మీటర్లు ఉందనుకుందాం. దాని కొన కనిపించే కోణం టాన్⁻¹(15/ద), ద అంటే దూరం. ఒక ప్రమేయం లోపల మరొకటి ఉన్నప్పుడు పనికొచ్చే శృంఖలా నియమం వాడి అవకలనం చేస్తే −15/(ద²+225). 15 మీటర్ల దూరంలో ఇది −1/30. దీన్ని డిగ్రీలనుకుంటే మునిగినట్టే, ఇవి రేడియన్లు. 57.3తో గుణిస్తే మీటరుకు 1.9 డిగ్రీలు. 30 మీటర్ల దూరంలో మీటరుకు 0.76, 150 మీటర్లలో 0.04. చెట్టు దగ్గర ఒక అడుగు వెనక్కి వేస్తే మెడ దిగడం తెలుస్తుంది, దూరంలో ఎన్ని అడుగులు వేసినా తేడా తెలియదు.

సెకంట్ విలోమం గురించి ఒక్క మాట చాలు. దాని వ్యాప్తి విషయంలో పుస్తకాలకు పుస్తకాలకు పొత్తు కుదరదు. మన పుస్తకాల్లో 90ని వదిలి 0 నుంచి 180 తీసుకుంటారు కాబట్టి అవకలజం హారంలో స కు మాపక గుర్తు, అంటే నిలువు గీతలు, ఉంటాయి. వేరే ముక్క తీసుకున్న పుస్తకంలో ఆ గీతలు ఉండవు. రెండూ సరైనవే. ఒక పుస్తకంలో వ్యాప్తి, ఇంకో పుస్తకంలో సూత్రం చదివినవాడే నష్టపోతాడు.

అసలు ఉచ్చును చివరికి దాచాను. సైన్⁻¹(2స/(1+స²)) అవకలజం కనుక్కోమంటారు. స = టాన్ క అని పెట్టగానే లోపలిది సైన్ 2క అవుతుంది. సైన్⁻¹, సైన్ కొట్టుకుపోయి 2క మిగిలిందని, అంటే 2 టాన్⁻¹ స అని రాసి, జవాబు 2/(1+స²) అంటారు. రెండు వరుసల్లో లెక్క ముగుస్తుంది. మా కుర్రాడూ అదే రాశాడు. స = 2 దగ్గర విలువ కట్టమన్నాను. 0.4 అన్నాడు.

సూత్రాలు పక్కనపెట్టి కాలిక్యులేటర్‌తో చూడమన్నాను. స = 1 దగ్గర లోపలిది 1, కోణం 90. స = 2 దగ్గర 0.8, కోణం 53.13. స = 3 దగ్గర 0.6, కోణం 36.87. ప్రమేయం దిగుతోంది, అవకలజం మాత్రం ధనం అంటున్నాడు. కుర్రాడు కాసేపు నోరు మెదపలేదు. తర్వాత కాగితం మీద టాన్⁻¹ 2 విలువ 63.43 అని రాసుకుని, రెట్టింపు చేసి, 126.87 కింద గీత గీశాడు.

"ఇది 90 దాటిపోయింది మాస్టారూ. ఇది అక్టోబరు వైపు."

180 లోంచి తీసి, గుర్తు మార్చి, −0.4 అని దిద్దుకున్నాడు.